ఇరవై మూడో సీసా

మా నాన్న ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. దారిలో ఎక్కడా ఆపకుండా, డిపో చేరేదాకా ఉగ్గబట్టుకోగలగడం ఆయన చెప్పుకునే గొప్పల్లో ఒకటి. అలాంటి మనిషిని రెండేళ్ళ కిందట ఒక సీసా చేతిలో పెట్టి, పొద్దున్నే మూత్రం పట్టిమ్మని అడిగాను.

ప్రోస్టేట్ క్యాన్సర్‌ను మూత్రంలోని ప్రోటీన్లను బట్టి ముందే పసిగట్టవచ్చా అని మా ల్యాబులో చూస్తున్నాం. రోగుల నమూనాలు ఆసుపత్రి పంపేది. పోల్చి చూడటానికి ఆరోగ్యవంతులవీ కావాలి. ఏ జబ్బూ లేని అరవై ఏళ్ళ మగవాళ్ళు బజార్లో దొరకరు కదా! ఎవరి తండ్రుల్ని, మామల్ని వాళ్ళమే బతిమాలుకున్నాం.

"ఇన్నాళ్ళూ పారబోసిందానికి ఇంత గిరాకీ ఉందా!" అని నాన్న నవ్వాడు. "నిండా ఇవ్వనా, సగం చాలా?"

"డాక్టరు దగ్గరికి రమ్మంటే మాత్రం రారు," అని వంటింట్లోంచి అమ్మ దెప్పింది.

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

ల్యాబులో సీసాల మీద పేర్లుండవు, అంకెలే. ఏది ఎవరిదో మా ల్యాబు నడిపే మేడమ్ బీరువాలోని జాబితాకే తెలుసు. ప్రోటీన్లను ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపడం నా పని. అది ఒక్కో ముక్కనూ తూచి గీతలు గీస్తుంది. ఆరోగ్యవంతుల వరుసలో ఇరవై మూడో సీసా గీతలు మాత్రం అచ్చం రోగులవాటిలాగే నిటారుగా లేచాయి.

నాకు ఒళ్ళు మండింది. ఎవరో సీసాలు తారుమారు చేశారనుకున్నాను. అలా వస్తే రెండోసారి పరీక్షించాలి. అప్పుడూ అంతే అయితే మేడమ్‌కి చెప్పాలి, ఆవిడ ఆ మనిషిని డాక్టరు దగ్గరికి పంపాలి. అదీ పద్ధతి. కానీ ఆ వారమే మా పరిశోధన పేపరు పత్రికకి పంపాలి. ఒక్క సీసా వల్ల ఫలితమంతా చెడుతోంది. "నమూనా తారుమారైంది. తీసేశాను" అని పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. పేపరు అచ్చయింది. అందరం కేకు కోసుకుని తిన్నాం.

పోయిన నెల నాన్న నడుం నొప్పన్నాడు. స్కాన్ తీస్తే ప్రోస్టేట్ క్యాన్సర్, అప్పటికే ఎముకల్లోకి పాకింది. మర్నాడే మేడమ్ కాళ్ళావేళ్ళా పడి బీరువా తెరిపించాను. ఇరవై మూడుకి ఎదురుగా నాన్న పేరుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఫ్రీజర్లో మిగిలిన కాస్తనూ తీసి రెండోసారి పరీక్షించాను. అవే గీతలు. యంత్రం ముందే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆదివారం నాన్న మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. "నువ్విచ్చిన నమూనా అప్పుడే చెప్పింది నాన్నా. నేనే నమ్మలేదు. తీసి పక్కన పడేశాను."

నాన్న దుప్పటి అంచు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"అప్పుడే తెలిసుంటే?"

"నయమయ్యేది నాన్నా."

ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది నాకు.

"మీ అమ్మకి చెప్పకు," అన్నాడు చివరికి. "నీతో మాట్లాడ్డం మానేస్తుంది. రేపు మిగిలేది మీరిద్దరే కదా."

"ఏంటి తండ్రీకూతుళ్ళ గుసగుసలు?" అని అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

నాన్న ఓపిక కూడదీసుకుని గొంతు పెంచాడు. "ఏం లేదే! అప్పుడు నేనిచ్చిన సీసా వీళ్ళకి బాగా పనికొచ్చిందట!"

"మీ మొహం!" అని అమ్మ నవ్వింది. ఈ నెలలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.