మూతలక్క

జావ కుతకుతమంటుండగానే ఆమె పొయ్యి ఆపేసింది. గిన్నె మీద మూత గట్టిగా నొక్కి, గుడ్డపీలికలతో రెండు చెవులూ పట్టి ఎత్తి, వంటింటి మూలనున్న చెక్కపెట్టెలోకి దించింది. పెట్టెలో నాలుగు వైపులా రంపప్పొట్టు కూరిన మెత్తలున్నాయి. గిన్నె వాటి నడుమ ఒదిగి కూర్చున్నాక పైన ఇంకో మెత్త కప్పి, పెట్టె మూత వేసి, గొళ్ళెంలో చెక్క చీల దూర్చి, చిన్న సుత్తితో తల దాకా దిగగొట్టింది. ఇక పొయ్యితో పనిలేదు. ఉన్న వేడితోనే జావ తనంతట తాను మెత్తబడుతుంది, సాయంత్రం తీసినా పొగలు కక్కుతుంది. ఒక్కటే షరతు. మధ్యలో మూత తీయకూడదు.

ఆ షరతే ఆమె ప్రాణానికొచ్చేది. అటు తిరిగిందో లేదో మళ్ళీ ఇటు తిరిగి చీల మీద వేళ్ళు వేసింది.

"అప్పుడే తీస్తున్నావా?" పక్కగదిలోంచి భర్త గొంతు వినిపించింది. మాట సగంలో ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం పూర్తిచేసింది ఆ గొంతు.

"తీయట్లేదండీ. బిగిసిందో లేదో చూస్తున్నా."

"బిగిసే ఉంటుంది. నేను చెక్కిన చీల అది."

ఆమెది మున్సిపాలిటీలో ఇంధన పొదుపు ఉద్యోగం. పేరు పెద్దదేగాని పని మాత్రం ఇంటింటికీ తిరిగి చెప్పిందే చెప్పడం. పొయ్యి మీద గిన్నె ఉంటే గిన్నె మీద మూత ఉండాలి. గదిలో మనిషి లేకపోతే ఫ్యాను తిరగకూడదు. ఫ్రిజ్ తెరిచి ఏం వండాలా అని ఆలోచించకూడదు, ఆలోచించుకున్నాకే తెరవాలి. ఇవన్నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. ఎవరింట్లో గిన్నె బోడిగా కనిపించినా సగంలో మాట ఆపి, లేచి వెళ్ళి, మూత వెతికి పెట్టి వచ్చేది. అలా మూతలక్క అయింది. అసలు పేరు ఆఫీసులో వాళ్ళు కూడా మరిచిపోయి హాయిగా ఉన్నారు.

ఊరందరికీ మూత పెట్టమని చెప్పే మనిషికి మూత పెట్టి ఊరుకోవడం మాత్రం చేతకాదు. పుట్టుకతోనే కుదురు లేని మనిషి. అన్నం తింటూ మూడుసార్లు లేస్తుంది. నిద్రలో కూడా దుప్పటి సర్దుతుంది. అలాంటామెకు దొరికిన భర్త వడ్రంగి. ఒక పలక తీసుకుంటే దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, వేలితో నిమిరి, దానితో ఏదో సంప్రదించుకుని గాని రంపం పెట్టేవాడు కాదు. కొత్త కాపురంలో ఆయన నిదానం చూసి ఆమెకు పిచ్చెక్కేది. ఆమె హడావుడి చూసి ఆయనకు నవ్వొచ్చేది. పిల్లలు కలగలేదు. ఆ పిచ్చీ ఆ నవ్వే వాళ్ళిద్దరి సంసారం.

ఆఫీసువాళ్ళు వేడిపెట్టె బొమ్మ ఒకటిచ్చి, ఇలాంటివి చేయించి జనానికి చూపించమన్నప్పుడు ఆయనే చేసిపెట్టాడు. మెత్తల్లోకి తన కొట్టులో పోగుపడ్డ రంపప్పొట్టే పనికొచ్చింది. మొదటి పెట్టెకు చీల లేదు. ఆమె గడియకోసారి మూత ఎత్తి తొంగిచూసేది, వేడంతా ఎగిరిపోయేది, అన్నం పలుకుగానే మిగిలేది. పెట్టె పనిచేయడం లేదని ఆయనతోనే పోట్లాటకు దిగేది. ఒకరోజు ఆయన కూర్చుని గట్టి కలపతో బొటనవేలంత చీల చెక్కాడు. సుత్తి లేనిదే దిగదు, సుత్తి లేనిదే రాదు. తీస్తే టకటకా చప్పుడవుతుంది, కొట్టులో ఉన్న ఆయనకు వినిపిస్తుంది. "నీకోసం కాదులే, పెట్టెకోసం" అన్నాడు. ఆ తరవాత అన్ని పెట్టెలకూ చీలలు పెట్టాడు.

పెట్టెల్లోకి పోయిన ఆ పొట్టే ఏళ్ళ తరబడి ఆయన ఛాతీలోకీ పోయింది. ఇప్పుడు లేచి కూర్చోలేడు. డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళండి, ప్రశాంతంగా ఉండనివ్వండి, ఎప్పుడనేది మేం చెప్పలేం అన్నాడు. ఆరోజు నుంచి ఆమెకు ఒకటే భయం, తను పక్కన లేనప్పుడు ఆయన వెళ్ళిపోతాడని. అందుకని పక్కనే ఉండేది. ఉండి ఊరుకుంటేనా! దిండు సర్దేది, దుప్పటి లాగేది, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. నానా తంటాలూ పడి ఆయన కళ్ళు మూసుకుంటే ఆ వేలు తగిలి మళ్ళీ తెరిచేవాడు.

ఇవాళ పొద్దున ఆమె పనికి వెళ్ళనని మొరాయిస్తే ఆయనే అన్నాడు. "నన్ను కూడా మూత తీసి తీసి చూస్తున్నావే. ఇక నేనెప్పుడు ఉడకాలి?"

నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆమె నవ్వలేదు.

"పనికి వెళ్ళు. సాయంత్రం దాకా రాకు. అక్క ఉంటుందిగా."

ఆయన అక్క కిటికీ పక్క కుర్చీలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. పదిరోజుల కిందట తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది, ఇప్పటికీ అలాగే ఉంది. ఆవిడ ఉంటే ఆయన నిద్రపోతాడు. ఆ సంగతి ఆమెకు కడుపు మంట.

"వదిన దగ్గర నిద్ర పడుతుంది, నా దగ్గర పట్టదు. అంతేగా?"

"అక్క ఊరికే కూర్చుంటుంది."

"నేను మాత్రం కూర్చోలేనా?"

"నువ్వా?" ఆయన కళ్ళలో పాత అల్లరి మెరిసింది. "నువ్వు కదలకుండా కూర్చుంటే చూడాలని ఉందే. పోయేలోగా ఒక్కసారి."

"పొద్దున్నే ఏం మాటలవి!" అని కసిరి, దుప్పటి ఇంకోసారి సర్ది, సంచి తీసుకుని బయటపడింది.

మొదటి ఇంట్లో ఫ్రిజ్ తలుపు పరీక్ష. తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగాలి. కాగితం గట్టిగా పట్టుకుంటే రబ్బరు మంచిది, జారి వస్తే చల్లదనమంతా బయటికి పోతున్నట్టు. కాగితం జారి వచ్చింది. ఆ ఇంటావిడ "అయ్యో, కొత్తదేనక్కా!" అని నోరు కొట్టుకుంటుంటే ఆమె ఫోను చూసుకుంటోంది. ఫోనులో ఏమీ లేదు. ఏమీ లేకపోవడం మంచిదో చెడ్డదో తేలలేదు. అదే కాగితాన్ని మళ్ళీ పెట్టి మళ్ళీ లాగింది. మళ్ళీ పెట్టింది.

"అక్కా, పోయిందని చెప్పావుగా. ఎన్నిసార్లు లాగినా పోయిందేగా?"

"ఆఁ, పోయింది. మార్పించు తల్లీ" అని లేచింది. వీధిలోకి వచ్చాక ఇంటివైపు నాలుగడుగులు వేసి, ఆయన మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. చెప్పుల దుకాణం ముందు కూర్చున్న మనిషి ఆమె రెండోసారి అటూ ఇటూ తిరగడం చూసి ఏదైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. లేదంది. చిరాగ్గా ఉంది. ఎవరిమీదో తెలియని చిరాకు, కాళ్ళలోనే పుడుతోంది.

మధ్యాహ్నం ఒక అపార్ట్‌మెంటు కింది హాల్లో వేడిపెట్టె ప్రదర్శన. ఆడవాళ్ళు, పని లేని పెద్దవాళ్ళు కొందరు చేరారు. గింజలు మరిగించి, పెట్టెలో దించి, చీల దిగగొట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. నోరు దానంతటదే వాగుతోంది.

"పెట్టె మీద చెయ్యి వేసి చూడండి. చల్లగా ఉందా? అదీ మంచి పెట్టె అంటే. బయట వెచ్చగా తగిలిందంటే లోపలి వేడి కారిపోతున్నట్టే. లోపల ఎంత మసులుతున్నా పైకి తెలియకూడదు."

వరసగా వచ్చి చెయ్యి వేసి చూశారు. ఒకే ఒక్క పన్ను మిగిలిన తాత మాత్రం చెయ్యి అక్కడే ఉంచి అనుమానంగా అడిగాడు.

"లోపల ఉడుకుతోందని నమ్మకమేమిటమ్మా?"

"తీస్తే తెలుస్తుంది తాతా. కానీ తీయకూడదు."

"ఇదెక్కడి తిరకాసు!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ ఫోను చూసింది. వదినకు ఫోను చేయాలంటే భయం, ఆ మోతకు ఆయన లేస్తాడేమోనని. చేయకపోతే ఇంకో భయం. కాలు కాలిన పిల్లిలా హాలంతా తిరిగింది. స్విచ్చుల గురించి చెబుతూ పెట్టె దగ్గరికి వచ్చింది. బల్బుల గురించి చెబుతూ మళ్ళీ వచ్చింది. ఎప్పుడు సుత్తి అందుకుందో ఆమెకే తెలియదు. టకటకమని చప్పుడయింది. చీల ఊడి చేతిలోకి వచ్చింది, మూత లేచింది, ఆవిరంతా ఒక్క ఊపున పైకప్పుకేసి పోయింది.

ఇంకా చాలా సేపు ఉండాల్సిన గింజలవి. గబగబా మూసిందిగాని పోయిన వేడి తిరిగి రాదు. చివరికి అందరికీ తలా కాసిని పంచితే పళ్ళకింద కటుక్కుమన్నాయి.

"తల్లీ, ఉన్న ఒక్క పన్నూ నీ గింజలకే అర్పించేవాణ్ణి!" అన్నాడు తాత. హాలంతా గొల్లుమంది.

ఆమె చీలను గుప్పిట్లో బిగించి నిలబడింది.

"పెట్టె తప్పు కాదండీ. ఆయన పెట్టెలో ఏ తప్పూ లేదు. నేను ఆగలేకపోయాను."

ఆ మాట అన్నాక ఇక అక్కడ ఉండలేకపోయింది. మిగిలిన గింజలు మళ్ళీ మరిగించి పెట్టుకోమని, పెట్టె రేపు తీసుకెళ్తానని చెప్పి, సంచి కూడా మరిచి ఇంటిదారి పట్టింది. దారిపొడుగునా తనను తాను తిట్టుకుంది. ఇన్నేళ్ళు ఆ మనిషి పక్కన బతికి ఇంత నిదానం కూడా అబ్బలేదు. ఒక్కసారి కూర్చుని చూపించమన్నాడు. అంతకంటే చిన్న కోరిక ఎవరైనా కోరతారా? ఆయన కళ్ళు తెరిచేసరికి తను రాయిలా కూర్చుని ఉండాలి. "ఇదేమిటే, నువ్వేనా?" అనాలి ఆయన. అనిపించి తీరాలి.

తలుపు చప్పుడు కాకుండా తోసింది. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళింది. వదిన పెదవుల మీద వేలు పెట్టి, ఇప్పుడే పడుకున్నాడని సైగ చేసింది. ఆయన కుర్చీ వైపుకు ఒత్తిగిలి ఉన్నాడు. దుప్పట్లోంచి ఒక పాదం బయటికొచ్చింది. ఆ వైపే మంచం పక్కన ఆయన చేసిన పీట ఉంది. దానిమీద కూర్చుంది.

ఆ పాదం ఆమెను చంపుకు తింది. కప్పాలి, ఒక్కసారి లాగితే చాలు. చేయి లేవబోతే ఇంకో చేత్తో పట్టుకుంది. ఎండ కిటికీలోంచి జరిగి ఆయన చెవి మీద పడింది. తెర లాగాలి. లాగలేదు. ఊపిరి చూడాలి. చూడలేదు. ఆయన్ని చూస్తూ ఉంటే చేతులు ఆగవని తెలిసి, తలవంచి చేతుల్నే చూస్తూ కూర్చుంది. గోళ్ళు, గిన్నెల మసి, సుత్తి దెబ్బ తగిలి నల్లబడిన వేలు. ఇన్నాళ్ళూ వాటిని పని చేస్తుండగా తప్ప చూడలేదు. లోపల మాత్రం అలజడి మసులుతూనే ఉంది. అయినా కదలలేదు. మొదట్లో నిప్పుల మీద కూర్చున్నట్టుంది. కాసేపటికి కుళాయి బొట్లుబొట్లుగా కారడం వినిపించింది. ఇంకాసేపటికి ఎప్పుడో తెలియకుండా చేతుల పట్టు సడలింది. అవి ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి, ఎవరివో అన్నట్టు.

గోడమీద ఎండ పోయింది. తను కూర్చోగలిగింది. పట్టపగ్గాలు లేని సంతోషం. తలెత్తి, చిన్నగా పిలిచింది.

"ఏవండీ. చూశారా?"

పలకలేదు. అప్పుడు పాదం మీదికి దుప్పటి లాగబోయి, చల్లబడిన ఆ పాదాన్ని తాకింది.

వదిన కుర్చీలోంచి లేచింది. దగ్గరికొచ్చి తమ్ముడి నుదుటి మీద చేయి వేసి, అక్కడే నిలబడిపోయింది. ఆమె పీట మీద నుంచి లేవలేదు. ఎప్పుడు జరిగిందో తెలియదు. మూరెడు దూరంలో కూర్చుని ఉంది, తెలియలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి ఉంటే తెలిసేది.

"నేను చూడలేదు వదినా" అంది. "ఇక్కడే ఉన్నాను. నేను చూడలేదు."

వదిన తమ్ముడి నుదుటి మీంచి చెయ్యి తీసి ఆమె వైపు తిరిగింది. "వాడు చూశాడమ్మా."

"ఏమిటి?"

"నువ్వొచ్చి కూర్చున్న కాసేపటికి కళ్ళు తెరిచాడు. నువ్వు తల వంచుకుని ఉన్నావు. నిన్ను పిలుద్దామని నోరు తెరిచాను. వద్దని కళ్ళతోనే చెప్పాడు. నిన్నే చూస్తూ ఉన్నాడు. నవ్వినట్టే అనిపించింది. తరవాత మూసుకున్నాడు. నిద్రే అనుకున్నాను."

అప్పుడు ఏడ్చింది మూతలక్క. చేతులు ఒళ్ళో ఉంచుకునే ఏడ్చింది.

కబురు తెలిసి ఇరుగుపొరుగు వచ్చారు. ఇల్లు నిండింది. ఎవరో కుర్చీలు జరిపారు, ఎవరో ఫోన్లు చేశారు. పక్కింటావిడ, పొద్దున్నుంచీ ఈ మనిషి ఏం తిన్నదోనని వంటింట్లోకి వెళ్ళి, పెట్టె చూసి, సుత్తి అందుకుంది. మొదటి దెబ్బ పడకముందే మూతలక్క గుమ్మంలోకి వచ్చింది.

"తీయకండి."

"లోపల జావేదో ఉన్నట్టుంది. వేడిగా రెండు గుక్కలు తాగుదువుగాని."

"ఉంది. వేడిగానే ఉంటుంది. తీయకండి."

పక్కింటావిడ సుత్తి కింద పెట్టి అవతలికి వెళ్ళిపోయింది. ఆమె పెట్టె ముందు నేలమీద కూర్చుని మూత మీద అరచెయ్యి ఆనించింది. పైన చెక్క చల్లగా ఉంది. చీల పొద్దున తను దిగగొట్టిన చోటే, తల దాకా బిగిసి ఉంది.