పెన్సిలుతో రాసిన యతి

నేను ఒక రూళ్ల నోటుబుక్కును. బందరులో నన్ను కుట్టిన బైండరు అట్ట మీద రెండు వందల పేజీలని వేసి, లోపల నూట తొంభై రెండే పెట్టాడు. పుట్టుకే అలాంటిది కాబట్టి నేనెవరినీ ఓ పట్టాన నమ్మను.

నన్ను కొన్నది కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సుదర్శనం మాస్టారు. మధ్యయుగాల ఇంగ్లీషు కవులు ఉమ్మడిగా వాడుకున్న రచనా పద్ధతులన్నీ నాలో రాసుకున్నారు. ఆయన రాస్తుండగానే నాకు ఆ కవుల మీద అనుమానం మొదలైంది. ఒకాయన వసంతకాలంలో ఏటి ఒడ్డున నిద్రపోయాడట, కలొచ్చిందట, ఆ కలే కావ్యమట. సరే అనుకున్నాను. పేజీ తిప్పితే ఇంకొకాయనా అలాగే నిద్రపోయాడు. అంతమందికీ ఒకే రకం కలలేమిటి? పైగా 'నాకు కవిత్వం చేతకాదు, తప్పులుంటే మన్నించండి' అని మొదలుపెట్టి వేల పాదాలు రాశారు. చేతకానివాళ్లు అంత రాస్తారా? మాస్టారు మాత్రం ఇదంతా ఇరవై రెండేళ్లు అక్షరం మార్చకుండా చెప్పారు.

పోయిన జనవరిలో ఎం.ఏ. మొదటి ఏడాది చదివే కృపావతి నన్ను రెండు రోజులకని అడిగి తీసుకెళ్లింది. దొంగచూపుల పిల్ల అనుకున్నాను. ఒక పేజీ దగ్గర ఆగి, వేళ్లతో బల్ల మీద తాళం వేస్తూ ఏదో గొణుక్కుంది. ఆ కవులు ఒకే పాదంలో ఒకే అక్షరాన్ని మళ్లీ మళ్లీ తెస్తారని, చెవికి ఇంపు కోసం వాడిన అలంకారమని మాస్టారు అక్కడ రాశారు. కృపావతి పక్కన పెన్సిలుతో చిన్నగా రాసింది: 'అలంకారం కాదు, నియమం. మన పద్యంలో యతి లాంటిది. మొదటి అక్షరానికి మధ్యలో జోడీ పడకపోతే పాదమే నిలవదు.' పరాయి పుస్తకంలో ఈ రాతలేమిటని నాకు ఒళ్లు మండింది.

నేను తిరిగి చేతికొచ్చాక మాస్టారు అది చాలాసేపు చదివారు. మర్నాడు క్లాసులో 'ఇది మన యతి లాంటిది' అని తనకే తట్టినట్టు చెప్పారు. కృపావతి తల దించుకుని రాసుకుంది.

పరీక్షలయ్యాక, పేపర్లు దిద్దిన ఊరి నుంచి ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం వచ్చింది. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని 'యతి' అనే మాట రెండు పేపర్లలో కనిపించింది, ఒకరిది చూసి ఒకరు రాసినట్టున్నారు, విచారించండి అని. ఒకటి కృపావతిది, ఇంకొకటి ఆమె ముందు బల్లలో కూర్చున్న ఫణీంద్రది. వెనక కూర్చున్నది ఆమే కాబట్టి అనుమానమంతా ఆమె మీదే పడింది. రుజువైతే ఏడాదిపాటు డిబార్. ఏడాది పోతే ఇంట్లో చదువు మాన్పించేస్తారని ఆ పిల్ల స్టాఫ్‌రూమ్ బయట వరండాలో స్నేహితురాలితో చెబుతుంటే విన్నాను.

ప్రిన్సిపాల్ ఇద్దరినీ పిలిపించి, యతి అంటే ఏమిటని ముందు ఫణీంద్రను అడిగారట.

“సన్యాసండి. ఆ కవులు ప్రతి లైను మధ్యలోనూ ఒక సన్యాసిని పెడతారండి.”

పేపర్లోనూ అదే రాశాడు. కృపావతి పేపర్లో ఏ సన్యాసీ లేడు. చూసి రాస్తే ఇంత తేడా రాదని ప్రిన్సిపాల్‌కి అర్థమైంది. నవ్వు ఆపుకుని, మాస్టారిని పాఠం చెప్పే నోట్సుతో, అంటే నాతో, రమ్మన్నారు.

“ఈ మాట క్లాసులో మీరు చెప్పిందేనా?”

“నేను చెప్పిందేనండి.”

“ఎక్కడ దొరికింది మాస్టారూ?”

“ఏదో పాత పుస్తకంలో చూసినట్టు గుర్తండి.”

ఈ పద్ధతి కూడా నా నలభయ్యో పేజీలో ఉంది. ఆ కవులు తమ సొంత మాటను పాత పుస్తకం మీదకు తోసేవారు. మాస్టారు పక్కవాళ్ల మాటను తోశారు.

ఏమైతేనేం, గండం గడిచింది. ఇక ఆ పిల్ల నోరు మూసుకుని వెళ్లిపోవచ్చు. ఇంటర్నల్ మార్కులు ఇంకా మాస్టారి చేతిలోనే ఉన్నాయి. అయినా ఆమె కదల్లేదు. నన్ను తెరిచి ఆ పేజీ చూపించింది.

“ఆ పాత పుస్తకం నేనేనండి సార్. ఈ రాత నాది.”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బుకాయిస్తారనే అనుకున్నాను.

“అమ్మాయిదేనండి,” అన్నారు చివరికి. “ఇరవై రెండేళ్లు తప్పు చెప్పానని ఒప్పుకోలేక అలా అనేశాను.”

ప్రిన్సిపాల్ బల్ల మీది పెన్ను తీసుకుని, పెన్సిలు రాత కింద కృపావతి పేరు తన చేత్తోనే రాశారు.

ఆ పిల్లను అనుమానించినందుకు నాకు సిగ్గేసింది. మాస్టారి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పెన్నుతో రాసింది చెరగదు, నిజమే. కాగితం చింపడానికి ఎంతసేపు? ఆయన నన్ను తెరిచి మూసినప్పుడల్లా ఆ పేజీ ఉందో లేదో చూసుకుంటున్నాను.