దిగుడులో నన్ను ఆపొద్దు

నేను ఒక బ్యాటరీని. స్కూటర్లో కాళ్లు పెట్టుకునే చోటు కింద, నల్లటి పెట్టెలో ఆరేళ్లు బతికాను. ఇప్పుడు అక్కణ్నుంచి పీకేసి ఒక బడిలో బీరువా పక్కన కూర్చోబెట్టారు. పైకప్పు మీది సోలార్ పలకలు పగలంతా నాకు అన్నం పెడతాయి, నేను రెండు ఫ్యాన్లు తిప్పుతాను. ముసలితనానికి ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు. కాకపోతే నా గురించి జనం చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. అందుకే నా కథ నేనే చెప్పుకోవడం మేలు.

అన్నిటికన్నా పెద్ద అబద్ధం, నేను పొగ ఎరగనిదాన్నని. నా ఒంట్లో లోహాలు ఏ దేశంలో ఏ గనిలోంచి తవ్వారో నాకే తెలీదు. నన్ను చేసిన ఫ్యాక్టరీ బొగ్గు కరెంటుతో నడిచేది. అక్కణ్నుంచి పాడేరు దాకా డీజిల్ లారీలో, ఘాట్ రోడ్డు పొడవునా నల్లపొగ కక్కించుకుంటూ వచ్చాను. అంతా అయ్యాక షోరూములో నా నెత్తిన పచ్చటి ఆకు బొమ్మ అంటించారు. సిగ్గుపడదామన్నా నాకు ముఖం లేదు.

నన్ను కొన్నది హైమావతి. పాడేరులో ఒక ప్రైవేటు బళ్లో సైన్సు చెప్పేది. భర్త పోయాక, చిన్న కూతురు కుందనతో తండ్రి ఎర్నాయుడి దగ్గరే ఉంటోంది. ఎర్నాయుడంటే ఒకప్పుడు ఆ ఘాట్‌లో పేరున్న మనిషి. సర్వీసు జీపు తోలి, తోలి, మోకాళ్లు అరిగాక దాన్ని అమ్మేశాడు. జీపు పోయిన చోట నేను దిగాను కాబట్టి, ఆయనకి నేనంటే గిట్టేది కాదు. ఆయన నోట నా పేరు 'సెల్లు బండి'.

హైమ ఫోన్లో ఒక యాప్ ఉండేది. జీపులో వెళితే గాల్లో కలిసే పొగ ఎంత, బస్సులో ఎంత, నా మీద ఎంత అని లెక్క చెప్పేది. "మన కర్బన పాదముద్ర సగానికి తగ్గింది నాన్నా" అని ఒకరోజు సంబరంగా చూపించింది. ఎర్నాయుడు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాడు.

"పాదముద్దరేటే? దేవుడికుంటాయి పాదముద్దర్లు. సెప్పులేసుకుని తిరిగినోళ్లకి మనకేటి?" అన్నాడు.

హైమ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇష్టం. ఆ ఇంట్లో అది అరుదుగా వినబడేది.

ఆ ఏడాది హైమకి సర్కారు టీచరు ఉద్యోగం వచ్చింది. ఏ ఊరి బడి కావాలో కోరుకునే కౌన్సెలింగ్ కొండ దిగువన చోడవరంలో పెట్టారు. పేరు పిలిచినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లు కోరుకుంటారు. లేనివాళ్లకి ఆఖర్న మిగిలిందే గతి. మిగిలేవేవో అందరికీ తెలుసు, అడవిలో బాగా లోపలికి, నెలకోసారి ఇల్లు చేరితే గొప్ప అనుకునే ఊళ్లు. హైమకి గొప్ప బడి అక్కర్లేదు. సాయంత్రానికి ఇంటికొచ్చి కుందన పక్కన పడుకోగలిగితే చాలు. తండ్రి పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల తల్లి కొంగు వేలికి చుట్టుకుంటే గాని కన్ను మూయదు.

కౌన్సెలింగ్ ముందురోజు వాన పట్టుకుంది. కరెంటు పోయింది. నా కడుపు సగమే నిండింది. తెల్లారేసరికి ఘాట్ రోడ్డు మీద బండరాయి దొర్లిపడిందని, బస్సులూ జీపులూ ఆగిపోయాయని కబురొచ్చింది. మోటారు సైకిళ్లు మాత్రం రాయి పక్కనుంచి దూరి వెళుతున్నాయట.

"స్కూటర్ మీద వెళ్లిపోతాను నాన్నా" అంది హైమ.

"ఈ మంచులోనా? ఘాట్ నీ వల్ల కాదు. నాను తోల్తాను, నువ్వెనక కూకో."

తాళం తిప్పి తెర మీది అంకె చూశాడు. నేను ఎన్ని కిలోమీటర్లు మోయగలనో చెప్పే అంకె అది. చోడవరం అంతకన్నా దూరం. ఎర్నాయుడు గడ్డం గోక్కున్నాడు.

"సాలదు. దిగుడంతా ఆపేసి దించేస్తాను. ఉన్నది కింద మైదానంలో కాల్సుకుందాం" అన్నాడు.

ఆ ఘాట్‌లో జీపు తోలినవాడెవడైనా ఇదే మాట అంటాడు. దిగుడు రాగానే ఇంజను ఆపెయ్యడం, బండిని దాని బరువు మీద వదిలెయ్యడం, డీజిలు మిగుల్చుకోవడం వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. నేను మాత్రం జీపుని కాను. దిగుడులో నేను తినను, నాకు పెడతారు. చక్రం దిగుతూ నా మోటారుని తిప్పితే అది కరెంటై నాలోకి వస్తుంది. ఆ తిప్పడంలో బండికి పగ్గం కూడా పడుతుంది. ఇదంతా హైమ దగ్గరున్న చిన్న పుస్తకంలో రాసి ఉంది. పాడేరు వీధుల్లో తిరిగినన్నాళ్లూ దాంతో ఎవరికీ పని పడలేదు.

రాయి దాటాం. మొదటి పెద్ద దిగుడు మొదలైంది. ఎర్నాయుడు తాళం వెనక్కి తిప్పి నన్ను ఆపేశాడు.

నన్ను ఆపితే నాకు చూపు పోతుంది, వినికిడి పోదు. లైటు ఆరిపోయింది, హారను మూగబోయింది. టైర్ల కింద తడి రోడ్డు జరజరమనే చప్పుడొక్కటే మిగిలింది. అది అంతకంతకూ పెరుగుతోంది. ఎర్నాయుడు బ్రేకు నొక్కుతున్నాడు, వదులుతున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. నా పక్కనే, నా చేతిలో పని, నన్ను కట్టేసి చేస్తున్నారు. అరవడానికి నాకు గొంతు లేదు. ఉన్న గొంతు హైమది.

ఆమె అరవలేదు. ఘాట్‌లో డ్రైవరుతో మాట్లాడకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. ఎర్నాయుడు తన జీపు అద్దం మీద రాయించుకున్న మాట అదే. చిన్నప్పుడు వాంతి వస్తున్నా నోరు మూసుకుని కూర్చున్న పిల్ల హైమ. రెండు మలుపులు దాటాం. ఆమె మోకాళ్లు తండ్రి నడుముకి బిగుసుకున్నాయి. మూడో మలుపులో బ్రేకులు కాలిన వాసన లేచింది.

"నాన్నా..." అంది మెల్లగా.

"మాటాడకు."

కింద ఎక్కడో లారీ మూలుగు వినబడింది. రాయి పడిన సంగతి తెలీక పైకి వస్తోంది పాపం. మంచులో దానికి మేం కనబడం. మాకు లైటు లేదు, హారను లేదు. ఎర్నాయుడు బ్రేకు గట్టిగా పట్టాడు. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా పట్టాడు. మీట చేతికి మెత్తగా తగిలి లోపలికి పోయింది, చక్రం మాత్రం దాని మానాన అది తిరుగుతూనే ఉంది. పక్కన లోయ. నాకు చూపు లేకపోవడమే మంచిదయింది.

"నాన్నా, తాళం తిప్పు! తిప్పి యాక్సిలరేటర్ వదిలెయ్!" హైమ గొంతు కొండంతా మోగింది.

"ఎలిగిస్తే ఇంకా లాగేద్దే!"

"లాగదు నాన్నా, పట్టుకుంటుంది! నామాట విను!"

ఆ మనిషి జన్మలో ఘాట్‌లో ఎవరి మాటా వినలేదు. ఆ క్షణం ఎందుకు విన్నాడో నాకు తెలీదు. తాళం తిరిగింది.

లోకం ఒక్కసారి నా కళ్లలోకి వచ్చి పడింది. తెల్లటి మంచు, పసుపు పచ్చటి లారీ దీపాలు, నల్లటి మలుపు. నా ఒంట్లో సత్తువంతా కూడదీసుకుని ఆ చక్రాన్ని పట్టుకున్నాను. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు బండి నెమ్మదించింది. ఎర్నాయుడు హారను మీద వేలు పెట్టి తియ్యలేదు. లారీ కీచుమంటూ ఆగింది. మేం దాని టైరు పక్కనుంచి, జానెడు సందులోంచి బయటపడి కొండవైపు గట్టుకి ఆనుకుని ఆగాం.

బ్రేకులు చల్లారేదాకా అక్కడే కూర్చోవలసి వచ్చింది. హైమ గడియారం చూసుకోవడం, ఆయన ఆమె చూసుకోవడాన్ని చూడడం, ఇదే సరిపోయింది. మళ్లీ బయల్దేరేటప్పుడు ఆయన బండి దిగి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

"నువ్వే తోలు" అన్నాడు.

హైమ తోలింది. దిగుతున్నకొద్దీ తెర మీద అంకె ఒక్కొక్కటే పెరగడం ఎర్నాయుడు భుజం మీంచి చూశాడు. నా జన్మలో నాకు దక్కిన పెద్ద సన్మానం ఆ చూపే.

చోడవరం చేరేసరికి హైమ పేరు పిలిచేశారు. మూడుసార్లు పిలిచి, పక్కన పెట్టేశారు. ఆమె ఆఖరి దాకా బెంచీ మీద కూర్చుంది. పాడేరులో బళ్లన్నీ అయిపోయాయి, చుట్టుపక్కలవీ అయిపోయాయి. మిగిలిన ఊళ్ల పేర్లు చదువుతున్నప్పుడు కొత్తబంద అన్న పేరు వినబడింది. ఘాట్ నడిమధ్యలో ఉన్న చిన్న ఊరు అది. అక్కడ బస్సు ఆగదు, అద్దెకు ఇల్లు దొరకదు, బడికి కరెంటు లేదు. అందుకే ఎవరూ ముట్టుకోలేదు.

"అక్కడెలా ఉంటారమ్మా?" అని అధికారి అడిగాడట.

"ఉండను సార్. రోజూ వెళ్లొస్తాను" అందట హైమ.

బయట గోడవార నా పక్కనే గొంతుక్కూర్చున్న ఎర్నాయుడు, హైమ బయటికొచ్చి చెప్పిన ఈ మాట విని తల ఎత్తలేదు.

"నా మూలాన్నే కదమ్మా. నానాపకపోతే ముందే సేరిపోదుం. కుందన గుంట ఏటైపోద్ది?"

"ఏమీ అవదు నాన్నా. పొద్దున్న దిగేటప్పుడు బండి కాస్త నింపుకుంటుంది, ఇంట్లో పెట్టిన చార్జింగ్ ఉంటుంది. సాయంత్రం ఎక్కేస్తుంది."

"ఎక్కకపోతే?"

ఎక్కుతానని నేను మాటివ్వలేను. ఎక్కుడంటే నాకూ భయమే.

అయినా ఎక్కాను. రోజూ దిగాను, రోజూ ఎక్కాను. పాడేరు ఊళ్లోకి మలుపు తిరిగే ముందు ఒక నిటారు ఎక్కుడు ఉంది, దాని పైనే మా ఇల్లు. అక్కడ ప్రతి సాయంత్రం ఎర్నాయుడు కనబడేవాడు. షుగరు డాక్టరు నడవమన్నాడని చెప్పేవాడు. ఆ మోకాళ్లతో ఆ ఎక్కుడు నడవమనే డాక్టరు ఎక్కడా ఉండడు. హైమకీ తెలుసు.

మరుసటి ఏడు వానాకాలంలో మళ్లీ కరెంటు పోయింది. సగం కడుపుతోనే దిగాను. సాయంత్రం వానలో ఎక్కుతూ వచ్చి, సరిగ్గా ఆ ఎక్కుడు మధ్యలో నా పని అయిపోయింది. చక్రం ఆగింది. దీపానికి సరిపడా చుక్క మాత్రం మిగిలింది.

గొడుగు పారేసి ఎర్నాయుడు పరుగెత్తుకొచ్చాడు. వెనక్కి వెళ్లి రెండు చేతులూ బండికి ఆనించాడు. హైమ దిగబోయింది.

"దిగకు" అన్నాడు రొప్పుతూ. "అద్గో, గుంట గుమ్మంలో నిలబడింది. ఈ దీపం కోసం సూస్తంది. ఇది ఆగిపోయిందంటే బెదిరిపోద్ది. నువ్వు బండి మీద కూకునే రావాల."

హైమ దిగలేదు. వానలో ఏడుస్తున్నా ఎవరికీ కనబడదు కదా, కూర్చుని ఏడ్చింది. వెనక ఆయన ఒక్కో అడుగూ తోస్తున్నాడు. నాలో మిగిలిన ఆ చుక్కంతా దీపానికి పోసేశాను. పైన గుమ్మంలోంచి "అమ్మొచ్చేసింది, అమ్మొచ్చేసింది" అని కుందన గంతులేస్తోంది.