బియ్యపు గింజంత ఎర్రచీర

నేను ఒక పోస్టుకార్డుని. వయసు నూరు దాటింది. నాకు నీళ్లంటే భయం, ఎండంటే భయం. అన్నిటికన్నా అన్నీ తెలిసినవాళ్లంటే ఎక్కువ భయం.

నా మీద కాకినాడ రేవు ఉంది. మద్రాసులో ఒక అచ్చాఫీసు వాళ్లు గాజుపలక మీంచి నన్ను నల్లగా అచ్చువేసి, రంగులు వేయడానికి కట్టలుగా ఇళ్లకు పంపేవారు. నేను చేరింది నాగరత్నమ్మ చేతికి. నమూనాలో ఏ రంగుంటే ఆ రంగే వెయ్యాలి. ఆవిడ మాత్రం రేవు ఒడ్డున నిలబడ్డ బియ్యపు గింజంత మనిషికి నమూనాలో లేని ఎర్రచీర కట్టి, "ఇది నేనేనే" అని కూతురికి చూపించి నవ్వింది. రంగు తప్పిందని అచ్చాఫీసు నన్ను తిప్పి పంపింది. అలా ఆ ఇంట్లోనే ఉండిపోయాను. ఆవిడకు ఫోటో అంటూ ఒక్కటీ లేదు.

మొన్న ఆవిడ మనవరాలు హైమవతి నన్ను విజయవాడలో పాత కార్డులు సేకరించేవాళ్ల సంఘానికి తీసుకొచ్చింది. అమ్మమ్మ పేరుతో నన్ను ప్రదర్శనలో పెట్టాలని ఆమె కోరిక. అందుకు అక్కడ అసలూ నకిలీ తేల్చే పానకాలరావు గారు ఔననాలి.

ఆయన భూతద్దం నా మీదికి దిగింది. ఆ వెనక కోడిగుడ్డంత కన్ను. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"ఈ కాలపు అచ్చయితే చుక్కలు బారులు తీరుంటాయమ్మా. రాతి అచ్చయితే ఇసక చల్లినట్టుంటది. ఇందులో గాజుపలక అచ్చుకుండే సన్న ముడతలే ఉన్నాయి, పైన రంగేమో గీత దాటింది. చేత్తో వేసిందే."

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కానీ నిరుడు ఆయన ఇలాగే భూతద్దాన్ని నమ్మి, కొత్త కార్డును పాతదని చెప్పి నవ్వులపాలయ్యారు. ఇప్పుడు చుట్టూ పదిమంది చూస్తున్నారు. చేత్తో వేసిన రంగైతే తడికి ఊడాలని ఆయన దూది తడిపారు.

"అయ్యో, ఆవిణ్ణి వదిలెయ్యండి. ఆకాశం మీద చూడండి" అంది హైమవతి కంగారుగా.

"నీలం మొండిదమ్మా, త్వరగా ఊడదు. ఎరుపైతే ఇట్టే తేలిపోద్ది. కొసన అంటిస్తానంతే."

చల్లటి తడి తగిలింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. దూది ఎర్రబడింది. "అసలుదే!" అని ఆయన కేకేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన అద్దుడు కాగితం తెచ్చేసరికి, ఒడ్డున తెల్లటి మరక మాత్రమే మిగిలింది.

హైమవతి పళ్లెంలోంచి ఆ దూదిని తీసి రుమాల్లో చుట్టుకుంది.

ప్రదర్శన ముగిశాక పానకాలరావు గారు నన్ను ఆమె చేతికివ్వబోయారు.

"మీ దగ్గరే ఉంచండి. మా అమ్మమ్మని ఆవేళే ఇంటికి తీసుకెళ్లిపోయాను" అంది.

ఇప్పుడు నేను ఆయన బీరువాలో ఉన్నాను. ఆయన తన దూది కట్ట కూడా ఇదే అరలో పెడతారు.