పొట్లాలు ఎగిరిన పెళ్ళి

పెళ్ళిరోజు మధ్యాహ్నంలోగా అసుంతా చేయాల్సిన పనులివి: బేకరీ నుంచి రెండువందల గట్టి రొట్టెలు తేవాలి, సలామీ, కపికోలా మాంసాలను కాగితమంత పలచగా కోయించాలి, వాటిని రొట్టెల మధ్య పెట్టి హోగీలు కట్టి ఒక్కోదానికి రెండేసి కాగితాలు చుట్టాలి, హాల్లో బల్లలు వేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, పోర్ట్‌ల్యాండ్ నుంచి వస్తున్న వియ్యపురాలికి కోపం రాకూడదు.

పెళ్ళికూతురు రొజీనాకు తల్లి లేదు, పెంచింది ఈ పిన్నే. రేపటినుంచి ఆ పిల్ల ఉండబోయేది ఆ వియ్యపురాలి ఇంట్లోనే.

వియ్యపురాలు లెతీజియా రైల్లో తన వంతు పొట్లాలు కూడా మోసుకొచ్చింది. మెత్తటి రొట్టెల్లో హామ్, టమాటా, క్యాప్సికమ్, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయ! మా దక్షిణ ఫిలడెల్ఫియాలో అలాంటిది చేస్తే వీధిలో తలెత్తుకు తిరగలేం. అసుంతా ఆ మాట నోట్లోనే మింగేసి, "ఎంత శ్రమపడ్డారు వదినగారూ!" అంది.

ఇంతలో భోజనాలు మొదలయ్యాయి. "కపికోలా ఎవరి దగ్గరుందిరా? ఇటు విసురు!" అని ఓ మూలనుంచి కేక. పొట్లాలు తలల మీదుగా ఎగిరాయి. ఒకటి లెతీజియా టోపీకి తగిలి టోపీ కిందపడింది.

"భోజనానికి పిలిచి కొట్టిస్తారా? పదండి పోదాం!" అంటూ ఆమె కోటు తొడుక్కుంది. రొజీనా ముఖం పాలిపోయింది.

"అయ్యో వదినగారూ, మా ఊళ్ళో పెళ్ళి వడ్డనే ఇంత! కావలసింది అరవడం, పట్టుకోవడం."

"మా పొట్లాలు విసిరే రకం కావులెండి," అంది లెతీజియా, కోటు గుండీలు పెడుతూ.

అసుంతా ఇంకేమీ ఆలోచించలేదు. కొత్త పట్టు గౌనుతోనే కుర్చీ ఎక్కి, "నాకు పోర్ట్‌ల్యాండ్‌ది కావాలి! వదినగారే విసరాలి!" అని అరిచింది.

హాలంతా అటే చూసింది. లెతీజియా తను తెచ్చినవాటిలోంచి ఓ పొట్లం తీసి విసిరింది. అది సగం దారిలోనే విచ్చుకుంది. నూనె, టమాటాలు, హామ్, దోసకాయ, అన్నీ కలిసి అసుంతా మీద కురిశాయి.

అసుంతా భుజం మీది దోసకాయ ముక్క తీసి నమిలింది. నిజంగానే బాగుంది.

"ఊరబెట్టడం మీ దగ్గర నేర్చుకోవాలి వదినగారూ. రొట్టె మాత్రం మా దగ్గర నేర్చుకోండి."

"మీ రొట్టా! పొద్దున్న కొరికితే పన్ను కదిలింది," అంటూనే లెతీజియా ఫక్కున నవ్వేసింది. కోటు విప్పి కుర్చీకి తగిలించి, "ఏదీ, ఆ కపికోలా ఏదో ఇటు విసరండి!" అంది.

అసుంతా ఇప్పుడు లేదు. మీ ఇంటి పెళ్ళిలో ఏ ఊరి వంట గొప్పదని ఇరువైపులవాళ్ళూ వాదులాటకు దిగితే, ఆ పిన్నిని ఒక్కసారి తలచుకోండి.