మెరుపు లేని పసుపు

"ఎండల కూసోకే పిల్లా, కడుపుల బిడ్డ నల్లగైతది" అని అత్త రాజవ్వ అన్నప్పటి నుంచి ప్రియాంక వాకిలి దాటలేదు. ఇప్పుడు ఐదో నెల. బాన్సువాడ బజారులో ఇంటికి ఆనుకునే వాళ్ల పసుపు దుకాణం. దాని వెనక కిటికీ లేని గదిలో ఆమె పని. భర్త వెంకటేశం రైతుల దగ్గర కొన్న పసుపు కొమ్ములను ఆమె డ్రమ్ములో పోసి, పసుపుపచ్చ రంగుపొడి చల్లి తిప్పుతుంది. కొమ్ములు బంగారంలా తేలతాయి, గిరాకీ ఆ మెరుపునే అడుగుతుంది. పొడి దేంతో చేస్తారో ఇంట్లో ఎవరూ అడగలేదు. పసుపు మీద పసుపు, శుభమే అనుకున్నారు. జీతం లేదు కనుక అది పని కూడా కాదు. "ఇంట్ల కూసునుడే గద" అనేవాడు వెంకటేశం.

డ్రమ్ము తిప్పుతూ ఆమె మనసులోనే పుట్టిల్లు బీర్కూర్ వెళ్లిపోయేది. అక్కడ అమ్మ ఉడికించిన కొమ్ములను కళ్లంలో ఎండబోసేది. ఇద్దరూ పక్కనే కూర్చుని కాళ్లతో కలియదిప్పేవాళ్లు. వీపు చురుక్కుమనేది, ఒళ్లంతా పసుపు వాసన. ఆ కొమ్ములు మట్టిరంగులో, గరుకుగా ఉండేవి. బేరగాడు పెదవి విరిస్తే అమ్మ వాదించేది కాదు. ఒక కొమ్ము విరిచి చూపేది. లోపల నారింజ రంగు నిగనిగలాడేది. అమ్మ నేర్పిన వ్యాపారం అంతే.

ఐదో నెల చూపించుకోవడానికి వెళ్తే, దవాఖానలో డాక్టరమ్మ ఆమె అరచేతులు తిప్పి చూసి, చేసే పనేమిటో అడిగి, రక్తం పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మెల్లగా చెప్పింది. ఎండ ఇవ్వాల్సిన డి విటమిన్ ఒంట్లో అడుగంటింది. రక్తంలో సీసం చేరింది, ఆ విషం బిడ్డకూ పోతుంది. రంగుపొడి మీదే అనుమానం. మందులు తర్వాత, ముందు ఆ గదిలోంచి బయటికి రమ్మంది.

ఇంటికి నడుస్తూనే ప్రియాంక బేరం తేల్చుకుంది. మర్నాడు పొద్దున్నే భర్తతో అంది:

"గా పొడి ఉన్న ఇంట్ల నేనుండ. మెరిసే బస్తాలు అమ్మనియ్య."

"గిరాకి పోతది గదనే."

"పోతే మళ్ల తెచ్చుకుంటం. బిడ్డను యాడ తెస్తవు?"

వెంకటేశం లేచి దుకాణంలోకి వెళ్లాడు. మెరిసే బస్తాలను లోపలికి లాగి, పొడి డబ్బా మూత బిగించి బయటికి తీసుకుపోయాడు.

ప్రియాంక దుకాణం ముందు టార్పాలిన్ పరిచి, రంగు తగలని కొమ్ములు ఎండబోసి, పక్కనే కూర్చుంది.

"నల్లగైతదే" అంది గుమ్మంలోంచి రాజవ్వ.

"కానియ్యి అత్తమ్మ. మంచిగ పుడితే సాలు."

మొదటి గిరాకీ వచ్చి, ఇవేంటి ఇట్లా ఉన్నాయని పెదవి విరిచింది. ప్రియాంక ఏమీ వాదించలేదు. ఒక కొమ్ము తీసుకుని, ఎండలో విరిచింది.