సామాన్ల దగ్గర మనిషి

“నువ్వు కింద సామాన్ల దగ్గరుండు,” అన్నాడు భర్త, చేతి గడియారం విప్పి ఆమె అరచేతిలో పెడుతూ. అసలు చెప్పనక్కర్లేదు. వాళ్లు ఎక్కడికి వెళ్లినా ఆమె ఉండేది సామాన్ల దగ్గరే. సముద్రానికి వెళ్తే ఒడ్డున చెప్పుల దగ్గర, పెళ్లికి వెళ్తే నిద్రపోయిన పిల్లల దగ్గర. ఇంట్లో ఉన్న ఫొటోల్లో ఎక్కడా ఆమె కనపడదు. ఎవరైనా అడిగితే, ఫొటో తీసింది తనే కదా అంటారు, అదేదో పెద్ద గౌరవమైనట్టు.

ఈసారి చెట్లు. ఊరి చివర ఎత్తయిన చెట్ల మధ్య తాళ్లూ పలకలూ కట్టి, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకి నడిపించే పార్కు. నడుముకి బెల్టు బిగిస్తారు. బెల్టుకి రెండు హుక్కులుంటాయి, తల ఎత్తున ఇనప తీగ ఉంటుంది. చెట్టు మారేటప్పుడు ఒక హుక్కు తీసి అవతలి తీగకి తగిలించాలి. అది టక్కుమని పడ్డాకే రెండోది తియ్యాలి. మెళ్లో ఈల వేసుకున్న ఒక నడివయసు ఉద్యోగిని ఇదంతా చెప్పి, పిల్లల చేత చేయించి చూసింది. రెండూ ఒకేసారి తీస్తే ఈల ఊది దింపేస్తానని బెదిరించింది. పన్నెండేళ్ల కొడుకు వినీ విననట్టు తలూపాడు. తొమ్మిదేళ్ల కూతురు మాత్రం పాఠంలా పెదాలు కదుపుతూ అప్పజెప్పుకుంది, ఆవిడకి ఈలావిడ అని పేరు కూడా పెట్టేసింది.

ముందు తండ్రి, వెనక కొడుకు, ఆఖర్న కూతురు నిచ్చెన ఎక్కారు. ఆమె బల్ల మీద సంచుల మధ్య కూర్చుంది. కూర్చోగానే, ఇందాకణ్నించీ సామాన్ల పనిలో పడి తోసేసిన మాట మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది.

పార్కుకి వచ్చే దారిలో కారు ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు, అద్దంలో జుట్టు సర్దుకుంటూ, వచ్చేటప్పుడు పాలు తెమ్మన్నంత తేలిగ్గా చెప్పాడాయన. “సోమవారం పని మానేస్తున్నానని చెప్పేయ్. అమ్మ వచ్చేస్తోంది.” అత్తగారు తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక పక్కన మనిషి కావాలి. ఆయనకి ఆఫీసు. తమ్ముడికి ఇల్లు చిన్నది. చెల్లెలికి అత్తారిల్లు. ఒక్కొక్కరికి ఒక్కో కారణం, అందరి కారణాలూ చివరికి వచ్చి వాలేది ఆమె నెత్తినే. ఆమె స్కూలు బస్సుల డిపోలో పని చేస్తుంది. ఏ బస్సు ఏ దారిన పోవాలో, ఏ డ్రైవరు రాకపోతే ఎవరు ఎక్కాలో మైకులో చెప్పేది ఆమే. ఎంత పొగరున్న డ్రైవరయినా ఆమె చెప్పిన బస్సు ఎక్కాల్సిందే. ఇంట్లో మాత్రం ఆ పని పేరు బస్సులు లెక్కపెట్టడం. ఆమె లెక్కపెట్టకపోయినా బస్సులు తిరుగుతాయని ఆయన అంటాడు, చుట్టాలు పడీపడీ నవ్వుతారు.

ఆమె “చూద్దాం” అంది. పెళ్లయిన కొత్తలో ఆ మాటకి అర్థం చూద్దామనే. పోనుపోను ఆ ఇంట్లో ఆమె చూద్దామంటే సరేనన్నట్టే లెక్క. ఆయన పాట పెట్టుకున్నాడు, కారు కదిలింది.

  ఆమెకి వయసులో సగం పైన అయిపోయింది, మిగిలిన దాంట్లో తనదంటూ ఉన్నది పొద్దుటి పూట ఆ గాజు గది, ఆ మైకు, అంచు పెచ్చూడిన ఆ టీ కప్పు. అవి కూడా పోతే తను ఎవరన్న ప్రశ్న వేసుకుంటే జవాబు రావడం లేదు. మానను అనొచ్చు కదా. అనడానికి ఆమెకి భయం. నిజానికి ‘అమ్మకి భయం’ అన్నది ఆ ఇంట్లో పాత జోకు. ఒకప్పుడు స్కూటరు మీద వెళ్తూ మెల్లగా నడపమని ఆయన్ని బతిమాలింది. ఆ కథ ఆయన చెప్పని పెళ్లి లేదు, పేరంటం లేదు. అప్పుడామె కడుపుతో ఉందన్న ముక్క కథలోంచి ఎప్పుడో జారిపోయింది. భయస్తురాలని కారు తాళాలు ఇవ్వలేదు, బ్యాంకుకి పంపలేదు, చెట్లెక్కనివ్వలేదు. ఇన్నేళ్లు విని విని ఆమె కూడా నమ్మేసింది.

పైనించి ఎవరో విసుక్కుంటున్న చప్పుడైతే తలెత్తింది. రెండో చెట్టు దగ్గర కూతురు ఆగిపోయింది. మానుకి వీపు ఆనించి, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంది. వెనక పిల్లల వరస పెరిగిపోతోంది. తండ్రీ కొడుకూ నాలుగు చెట్లవతలకి వెళ్లిపోయారు, అది వెనక్కి రావడానికి వీల్లేని దారి. అక్కడినించే ఆయన అందరికీ వినపడేలా అరిచాడు.

“అచ్చం వాళ్లమ్మ పోలిక!”

వరసలో వాళ్లంతా నవ్వారు.  ఇన్నాళ్లూ ఆ మాట తనని అంటే ఆమె పడి ఉంది, ఇప్పుడది వారసత్వంగా పిల్లకి చేరుతోంది.

ఎవరైనా పెద్దవాళ్లు ఎక్కుతారా అని ఈలావిడ అడిగింది. ఆమె గడియారం సంచి మీద పెట్టి లేచింది. ఈలావిడే బెల్టు బిగించి బకిల్ పెట్టింది. నిచ్చెన ఎక్కుతూ ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. మొదటి చెట్టునించి రెండో చెట్టుకి పలకల వంతెన దాటేసరికి ఒళ్లంతా చెమట.

“భయమేసిందా బంగారం? నేనొచ్చాగా,” అంది, రొప్పుతూ కూతురి పక్కన చతికిలబడి.

“భయం కాదమ్మా.”

“మరి?”

పిల్ల చెట్టు బెరడు గిల్లింది. “ఇదైపోతే ఇంటికెళ్లిపోతాం. తర్వాత సోమవారం వచ్చేస్తుంది. నువ్వు డిపోకి వెళ్లడం మానేస్తావు.”

కారులో విన్నదన్నమాట. నాన్నమ్మకి బాగాలేదు కదా అని ఆమె సర్దిచెప్పబోయింది. పిల్ల చెప్పనివ్వలేదు.

“సెలవుల్లో నన్ను డిపోకి తీసుకెళ్లావు కదా. అక్కడ నువ్వు నవ్వుతావమ్మా. మైకులో నీ గొంతు పెద్దగా ఉంటుంది. ఇంట్లో నీకసలు గొంతే ఉండదు.”

 ఆమె తన లోపల ఎవరికీ తెలియకుండా దాచుకున్నానని అనుకున్నది, తొమ్మిదేళ్ల పిల్ల కళ్లకి పట్టపగలు కనపడుతోందన్నమాట. వెనక పిల్లలు తొందర పెడుతున్నారు. పద పద అంటూ లేచింది. కళ్ల నిండా నీళ్లు, తీగ సరిగ్గా కనపడటం లేదు. ఒక హుక్కు తీసింది. రెండోదీ తీసింది. రెండూ చేతిలో పట్టుకుని పలక అంచున నిలబడింది. కింద సంచులు చిన్నగా, రంగురంగుల్లో కనపడుతున్నాయి. వాటి దగ్గరికి మళ్లీ దిగాలి. ఆ క్షణంలో ఆమెకి ఏ భయమూ వెయ్యలేదు. ఒళ్లు తేలికైపోయినట్టుంది, అంతే.

“అమ్మా, రెండూ తీసేశావు!”

పిల్ల రెండు చేతులతో ఆమె బెల్టు పట్టేసుకుంది. కిందినించి ఈల మోగింది. అప్పుడు వేసింది భయం, ఇన్నేళ్లలో ఎన్నడూ వెయ్యనంత భయం. ఎత్తుని చూసి కాదు, ఇందాక భయం వెయ్యనందుకు. మానుని వాటేసుకుంది. పిల్ల మునివేళ్ల మీద నిలబడి ఒక హుక్కు తీసుకుని తీగకి తగిలించింది. టక్కుమంది.

“ఒకటైనా ఉండాలమ్మా,” అంది, ఏడుపు మింగుతూ. “ఈలావిడ చెప్పింది కదా.”

ఒకటైనా ఉండాలి. ఆమె ఆ మాట పైకే అనుకుంది. ఇల్లనే తీగకి ఒక హుక్కు వేలాడుతోంది, అది ఏనాటికి ఊడుతుందో తెలియదు. మిగిలిన ఒక్కటీ, డిపో హుక్కుని, తన చేత్తో తనే తియ్యమంటున్నాడు ఆయన, తీసి వాళ్లమ్మ మంచం దగ్గర కూర్చోమంటున్నాడు. తను చూద్దామంది.

ఈలావిడ నిచ్చెన వేయించి, తల్లీకూతుళ్లని అక్కడినించే దింపింది. కళ్లెర్రజేసింది గానీ, ఆమె మొహం చూసి తిట్టడం మానేసి నీళ్లిచ్చింది. ఈలోగా తండ్రీ కొడుకూ దారి పూర్తిచేసుకుని వచ్చారు. ఆయన మొదట చూసింది బల్ల వైపు.

“సామాన్లు గాలికొదిలేశావా? నా వాచీ ఏది?”

వాచీ సంచి మీదే ఉంది. ఆమె చూపించలేదు.

“సోమవారం నేను డ్యూటీకి వెళ్తున్నానండీ,” అంది. గొంతు వణికింది, అయినా వినపడింది.

“చూద్దామన్నావుగా?”

“అన్నాను. మానను.”

“మరి అమ్మని ఎవరు చూస్తారు?”

“మీ ముగ్గురూ చూస్తారు, నేనూ చూస్తాను. ఎవరు ఏ పూటో డ్యూటీలు నేను వేసిస్తాను. ఆ పని నాకొచ్చు.”

ఆయన నవ్వబోయాడు. అలవాటుగా చుట్టూ చూశాడు గానీ కలిసి నవ్వేవాళ్లెవరూ దొరకలేదు. కొడుకు కూడా తల్లినే చూస్తున్నాడు. మొహం ఎర్రబడి, ఇంటికెళ్లాక మాట్లాడదామన్నాడు. ఆ గొంతు ఆమెకి తెలుసు. ఆ రాత్రి ఎలా ఉంటుందో కూడా తెలుసు, తలుపులెలా మోగుతాయో, వాళ్లమ్మకి ఫోను ఎలా వెళ్తుందో. తెలిసే కూతురి చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. 

కొంచెం దూరం పోయాక పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

“అమ్మా, సంచులు?”

“సామాన్ల దగ్గర మీ నాన్న ఉన్నారుగా,” అంది ఆమె.